తడి ఆరేదాకా

ఫోటోగ్రఫీ నేర్పే పుస్తకాలు ఫిల్ము కడగడం గురించి చాలా శ్రద్ధగా చెబుతాయి. డెవలపర్ ఎన్ని డిగ్రీల వేడిలో ఉండాలో, డబ్బాను ఎంతసేపటికోసారి తలకిందులు చేయాలో, హైపోలో ఎన్ని నిమిషాలు ఉంచాలో, నీళ్లు ఎన్నిసార్లు మార్చాలో అన్నిటికీ అంకెలున్నాయి. చివరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతాయి. దుమ్ము లేని చోట వేలాడదీసి ఆరనివ్వండి అంటాయి. ఆ దుమ్ము లేని చోటు ఎక్కడుందో ఏ పుస్తకమూ చెప్పదు. నాకు తెలిసి మద్రాసులో లేదు. 1996లో ఊరి పేరు చెన్నై అయింది గానీ దుమ్ము మాత్రం పాతదే.

ఆరబెట్టడం అనే మాటలో ఒక తమాషా ఉంది. నిజానికి మనం ఆరబెట్టేది ఏమీ లేదు, దానంతటదే ఆరుతుంది. అది ఆరుతున్నంతసేపూ దాని జోలికి పోకుండా ఉండటమే మనం చేయగలిగిన పని. ఏమీ చేయకుండా ఉండటాన్ని పనిగా లెక్కవేసే అలవాటు మనకు లేదు కనుక ఆ ఘట్టానికి పుస్తకాల్లో ఒక్క వాక్యమే దక్కింది.

ఇంత చిన్న సంగతి మీద వ్యాసమేమిటని పాఠకులు అనుకోవచ్చు. ఫిల్ము రోజులే పోయాయి కదా అనీ అనవచ్చు. పూర్తిగా పోలేదు. సెల్‌ఫోన్లో వెయ్యి బొమ్మలు తీసుకుని ఒక్కదాన్నీ మళ్లీ చూడని ఈ కాలంలో, ముప్పై ఆరు బొమ్మల చుట్ట కొనుక్కుని ఇంట్లోనే కడుక్కునే కుర్రవాళ్లు ఈ ఊళ్లో మళ్లీ కనబడుతున్నారు. వాళ్లడిగే మొదటి ప్రశ్న, దుమ్ము పడకుండా ఎలా? రెండో ప్రశ్న, పడితే తీసెయ్యడం ఎలా? మొదటిది కుదరకపోతే రెండోది ఉందిగదా అన్న ధీమాతో రెంటినీ ఒకే ఊపిరిలో అడుగుతారు. నా మట్టుకు నాకు ఆ రెండూ ఒక జాతి ప్రశ్నలు కావనిపిస్తుంది. దుమ్ము పడకుండా చూసుకోవడం శుభ్రతకు సంబంధించిన సంగతి. పడిన దుమ్మును బొమ్మలోంచి చెరిపెయ్యడం సత్యానికి సంబంధించిన సంగతి. ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు తడి ఫిల్ము దగ్గరికి వెళ్లాలి.

ఫిల్ము మీద ఉండేది జిలటిన్ పూత. బొమ్మ కట్టిన వెండి కణాలు ఆ పూతలోనే నాటుకుని ఉంటాయి. నీళ్లు తాగిన జిలటిన్ ఉబ్బి, జున్నుముక్కలా మెత్తగా ఉంటుంది. గోరు తగిలితే గీత పడుతుంది. ఆ సమయంలో గాలిలో తేలే నూలుపోగు ఒకటి వచ్చి వాలిందంటే అది పైపైన కూర్చోదు, లోపలికి దిగబడుతుంది. పూత ఆరి బిగుసుకునేసరికి ఆ పోగు ఫిల్ములో ఒక భాగమైపోతుంది. ఆరిన ఫిల్ము మీద పడ్డ దుమ్మయితే ఉఫ్ అని ఊదితే పోతుంది. తడి మీద పడ్డది అలా పోదు. అప్పటికప్పుడు వేలితో తీయబోతే పోగుతో పాటు పూతా లేచి వస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ నీళ్లలో నానబెట్టి, కడిగి, మళ్లీ ఆరేసుకోవడమొక్కటే దారి. అప్పటికైనా పోతుందన్న హామీ లేదు.

మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఈ జిలటిన్ పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీస్తారు. ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్ల పూజగదుల్లో పెద్దల ఫోటోలన్నీ దాని మీదే నిలిచాయి. మన పౌరాణిక చిత్రాల్లో దేవుళ్లందరూ దాని మీదే నడిచారు. ఎవరికీ అభ్యంతరం రాలేదు. తెలియకపోవడం వల్ల కొంత, తెలిసినా బొమ్మ ముద్దొచ్చి కొంత.

ఇక మద్రాసు సంగతి. డెవలపర్‌కు 20 డిగ్రీలు కావాలి. అగ్నినక్షత్రం రోజుల్లో కుళాయి నీళ్లే ముప్పై దాటి వస్తాయి. అందుకని బేసినులో మంచుగడ్డలు వేసుకుని కూర్చోవాలి. బోరునీళ్లలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. ఆ నీటిబొట్టు ఫిల్ము మీద ఆరిందంటే గుండ్రని మచ్చ మిగిలిపోతుంది. అది దుమ్ముకు అన్నగారు. అందుకే ఆఖరిసారి ముంచడానికి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోవడం మేలు. రెండు వందల వంతుల నీటికి ఒక వంతు ఫోటోఫ్లో కలిపితే నీళ్లు బొట్టుకట్టకుండా తెరలా జారిపోతాయి. ముప్పై ఆరు బొమ్మల ఫిల్ము అయిదడుగుల పైచిలుకు పొడవుంటుంది. పైకొసకు ఒక క్లిప్పు, చుట్టుకుపోకుండా కిందికొసకు కాస్త బరువైన క్లిప్పు. సముద్రపు ఊళ్లో గాలి నిండా తేమ కనుక త్వరగా ఆరదు. మామూలు రోజుల్లో మూడు నాలుగు గంటలు పడుతుంది. కార్తీకమాసపు ముసురులో అయితే పగలంతా వేలాడుతూనే ఉంటుంది. తేమ ఎక్కువైన కొద్దీ మెత్తగా ఉండే గంటలు పెరుగుతాయి, దుమ్ముకు వేళ చిక్కుతుంది. త్వరగా ఆరాలని పంకా వేశామో, గదిలోని దుమ్మంతా లేచి అయిదడుగుల జిగురుకాగితానికి అంటుకున్నట్టు అంటుకుంటుంది. ఫిల్ము తయారుచేసేవారికీ ఈ బాధ తెలుసు. 1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ఫ్యాక్టరీని చల్లని, దుమ్ము తక్కువైన గాలి ఉన్న ఊటీ కొండమీద కట్టారు. ‘ఇందు’ పేరుతో అక్కడ తయారైన ఫిల్ము కొండ దిగి వచ్చి మన మాంబళం, మైలాపూరు పోర్షన్లలో తడిసి ఆరేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది.

ఇంట్లో ఉన్నంతలో దుమ్ము తక్కువైన చోటు స్నానాలగది. గుడ్డలూ పరుపులూ ఉండవు కనుక పోగులు తక్కువ. ముందుగా వేణ్ణీళ్లు వదిలి గదిని ఆవిరితో నింపాలి. ఆవిరి తుంపరలు గాలిలోని నలుసులను పట్టుకుని నేలకు దించుతాయి. పది నిమిషాలాగి, ఫిల్మును తగిలించి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చెయ్యాలి. ఆ తర్వాత లోపలికి వెళ్లకూడదు. ఆరిందో లేదో చూద్దామని కూడా వెళ్లకూడదు. ఎందుకంటే ఇంటి దుమ్ములో మన బట్టల పోగులూ మన ఒంటిమీంచి రాలిన పొలుసులూ ఉంటాయి. దుమ్ము పడిందేమో చూద్దామని వెళ్లేవాడే దుమ్మును మోసుకెళతాడు.

ఇంటిల్లిపాదికీ ఒకటే స్నానాలగది ఉన్నచోట నాలుగు గంటలు దాన్ని ఆక్రమించుకోవడం ఎంత రాద్ధాంతమో వేరే చెప్పనక్కర్లేదు. అందరూ పడుకున్నాక రాత్రి పదకొండింటికి తగిలించి, తెల్లవారి పాలప్యాకెట్ల వేళకు తీయడం ఈ ఊరి అనుభవజ్ఞుల పద్ధతి.

ఈ వ్యవహారమంతా చూస్తే మన ఇళ్లలో మడిబట్ట ఆరేసుకోవడం గుర్తుకు రాకమానదు. ఎవరి చెయ్యీ అందని ఎత్తులో దండెం, బట్టను కర్రతో ఎత్తి దాని మీద వేయడం, ఆరేదాకా పిల్లలెవరూ ఆ కిందికి రాకుండా గదమాయింపులు. పోలిక బాగానే ఉంది. కానీ పోలిక దగ్గరే ఆగిపోతే తప్పుదారి పడతాం. మడి పేరుతో మనం ఎవరెవరిని గడప అవతల నిలబెట్టామో చరిత్రకు తెలుసు. శుచి అన్న మాట వినగానే ఎవరి అశుచి గురించి మాట్లాడుతున్నారని అనుమానించడం నేర్చుకున్న తరం మాది, ఆ అనుమానం మంచిదే. 1966లో వచ్చిన ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ అనే పుస్తకంలో మేరీ డగ్లస్ అనే మానవశాస్త్రవేత్త, మురికి అనేది వస్తువులోని గుణం కాదనీ, ఉండవలసిన చోట కాక వేరేచోట ఉన్న వస్తువునే మనం మురికి అంటామనీ వివరించింది. మనవాళ్లకు ఇది భాషలోనే తెలుసు. కంట్లో నలుసు పడితే ఇల్లంతా హైరానా పడతాం. కడుపున నలుసు పడితే ఇల్లంతా పండగ చేస్తాం. మాట ఒక్కటే, చోటు వేరు.

అయితే మడికీ ఫిల్ము ఆరబెట్టడానికీ ఒక మూలమైన తేడా ఉంది. మడిలో ఉన్న మనిషి తాను శుభ్రం, ఎదుటివాడు మైల అనుకుంటుంది. ఫిల్ము ఆరేసిన మనిషి ఇంట్లో అందరికంటే ముందు తనను తాను అనుమానించుకోవాలి. అక్కడ ఎదుటివాడు తప్పుకోవాలి, ఇక్కడ చేసినవాడే తప్పుకోవాలి. అందుకే ఈ శుభ్రతను నేను నిస్సంకోచంగా సమర్థించగలను. ఇందులో ఎవరినీ దూరం పెట్టడం లేదు, మన ఆత్రాన్ని మాత్రమే దూరం పెడుతున్నాం.

ఇంత చేసినా నలుసులు పడతాయి. అప్పుడు రెండో ప్రశ్న వస్తుంది.

నెగటివ్ మీద నలుసు ఉంటే ఎన్లార్జర్ వెలుతురు దాన్ని దాటి కిందికి రాదు. వెలుతురు పడనిచోట కాగితం తెల్లగా ఉండిపోతుంది. అంటే నెగటివ్ మీది దుమ్ము ఫోటోలో తెల్లచుక్క అవుతుంది. ఫోటో తీసేటప్పుడే కెమెరాలో ఫిల్ము మీద దుమ్ము ఉంటే అది ఫోటోలో నల్లచుక్కగా వస్తుంది. ఈ రంగు తేడాను బట్టి దుమ్ము ముందు పడిందో తర్వాత పడిందో చెప్పవచ్చు. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న నలుసు, చిన్న నెగటివ్‌ను పన్నెండంగుళాల ఫోటోగా పెంచేసరికి దాదాపు మిల్లీమీటరు చుక్క అవుతుంది. చెక్కిలి మీద ఉంటే కన్ను ముందుగా అక్కడికే పోతుంది.

ఆ చుక్కను సన్నకుంచెతో, చుట్టూ ఉన్న ఛాయకు సరిపడే రంగుతో పూడుస్తారు. ఇది ఫోటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉన్న విద్యే, దాన్ని మోసమని నేను అనను. కానీ ఆ కుంచె పట్టినవాడు ఏం చేస్తున్నాడో ఒక్కసారి ఆలోచించండి. నలుసు కింద ఏముందో అతనికి తెలియదు. చుట్టూ ఉన్నది చూసి, ఇక్కడా ఇదే ఉండి ఉంటుందని ఊహిస్తున్నాడు. తొంభై తొమ్మిదిసార్లు ఆ ఊహ సరైనదే కావచ్చు. సరైన ఊహ అయినా ఊహే. దుమ్ము పడకుండా కాపాడినవాడు మాత్రం ఏదీ ఊహించనక్కర్లేదు. అతను బొమ్మలో ఏముందో తెలుసుకోకుండానే దానికి న్యాయం చేయగలడు. చెరిపేవాడు తెలిసినట్టు నటించక తప్పదు. నేను చూస్తున్న తేడా అదే.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా పెద్దమ్మకు, అంటే మా పెదనాన్నగారి భార్యకు, ఒకే ఒక మంచి ఫోటో ఉండేది. పెదనాన్న స్నేహితుడెవరో తీసి, తన ఇంట్లోనే కడిగి, బహుశా పంకా కిందే ఆరబెట్టి ఇచ్చిన నెగటివ్. దాని నిండా నలుసులు. ఆవిడ పోయాక ఆ నెగటివ్‌ను ఊళ్లో ఒక దుకాణంలో ఇచ్చి పెద్ద ఫోటో చేయించారు. కుంచె పట్టినవాడు పనిమంతుడే. భుజం మీద, చీర అంచున, వెనక గోడ మీద ఉన్న తెల్లచుక్కలన్నీ చక్కగా పూడ్చాడు. వాటితో పాటు పెద్దమ్మ ముక్కుపుడక మెరుపునూ పూడ్చాడు. అతని కంటికి అదీ ఒక తెల్లచుక్కే.

ఇక్కడితో పోతే బాగుండేది. మా బాబాయి, అంటే ఆవిడ మరిది, కాలేజీలో చేరేటప్పుడు ఫీజు కోసం పెద్దమ్మ తన ఒంటిరాయి ముక్కుపుడక అమ్మేసిందని మా ఇంట్లో ఒక కథ ఉంది. ఆయన జీవితమంతా ఆ కృతజ్ఞత మీదే కట్టుకున్నారు. ఆ ఫోటో ఆయన కాలేజీలో చేరిన తర్వాత తీసినది. గోడమీది ఫోటోలో పెద్దమ్మ ముక్కు బోసిగా ఉంది. ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆయన దాన్ని చూపించేవారు. చూశారా, అప్పటికే అమ్మేసింది అనేవారు. కుంచె పెట్టిన రంగుచుక్క ఒక త్యాగానికి సాక్ష్యమైపోయింది.

ఆ నెగటివ్ తర్వాత నా చేతికొచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే సందేహమేమీ లేదు. ఫోటోలో మెరుపూ దుమ్మూ రెండూ తెల్లచుక్కలే గానీ నెగటివ్‌లో రెంటికీ పోలిక లేదు. దుమ్ము పూతలో దిగబడిన పరాయి వస్తువు, దాని పోగు ఆకారం తెలుస్తూనే ఉంటుంది. మెరుపు వెండి కణాలతో కట్టిన నల్లటి చుక్క, పూతలో పుట్టినది. ముక్కుపుడక ముక్కునే ఉంది.

మరి పెద్దమ్మ దాన్ని అమ్మలేదా? ఫీజు వేరేరకంగా కట్టిందా? అమ్మి, తర్వాత మరొకటి కొనుక్కుందా? నెగటివ్ చెప్పదు. ఫోటో తీసిన క్షణాన ముక్కున ఒక రాయి మెరిసిందన్నంత వరకే అది చెబుతుంది. ఆ సంగతి బాబాయికి చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పెద్దవయసులో ఆయన మనసు ఎందుకు కష్టపెట్టాలి అన్నారు ఎక్కువమంది. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆయన కృతజ్ఞతకు ఆ ఫోటో ఆధారం కాదు, ఆ ఫోటో లేకముందే ఆయనకది ఉంది. నిజం చెబితే పోయేది కృతజ్ఞత కాదు, సాక్ష్యం మాత్రమే. అందుకని చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, “అయితే వదిన అబద్ధం చెప్పిందంటావా?” అన్నారు. ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదనీ, బొమ్మలో రాయి ఉందని మాత్రమే అంటున్నాననీ చెప్పాను.

ఈ పూడ్చే విద్యకు మన ఊళ్లో పెద్ద వంశవృక్షమే ఉంది. 1856లో మద్రాసు ప్రభుత్వం కెప్టెన్ లినియస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫోటోగ్రాఫరుగా నియమించింది. 1857 చివర్లో బయల్దేరి శ్రీరంగం, తిరుచిరాపల్లి, మధుర, తంజావూరు తిరిగి అతను తీసిన గుడులూ కోటలూ ఇప్పుడు లోకప్రసిద్ధం. అతను వాడినవి మైనం పూసిన కాగితపు నెగటివ్‌లు. వాటికి నీలిరంగంటే ఆకలి ఎక్కువ కనుక ఆకాశం ఎప్పుడూ తెల్లగా, బోసిగా వచ్చేది. ట్రైప్ ఏంచేశాడంటే కుంచె తీసుకుని నెగటివ్ మీదే మేఘాలు వేశాడు. చాలా అందమైన మేఘాలు. ఫోటో తీసిన రోజున ఆ మేఘాలు ఆకాశంలో లేవు.

అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆకాశంలో మేఘాలుండటం సహజమే, వాటివల్ల ఎవరి ఆస్తీ పరువూ పోలేదు. కానీ అదే ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం మీద శాసనాలను 21 ఫోటోలు ఒకదాని పక్కన ఒకటి చేర్చి, 19 అడుగుల పొడవున ఒకే బొమ్మగా కూర్చాడు. ఆ రాతిమీది అక్షరాలను కాగితం మీద చదువుకోవచ్చు. అక్కడ ఒక అక్షరం చెరిగిపోయి తెల్లమచ్చ కనబడితే, చుట్టూ ఉన్నవి చూసి ఒక అక్షరం వేసెయ్యమని మనం అతనికి చెబుతామా? మేఘానికి ఒప్పుకున్నవాళ్లం అక్షరానికి ఎందుకు ఒప్పుకోం? మేఘాన్ని ఎవరూ సాక్ష్యంగా పిలవరు కనుక. చిక్కేమిటంటే రేపు దేన్ని సాక్ష్యంగా పిలుస్తారో కుంచె పట్టినవాడికి తెలియదు. మా పెద్దమ్మ ముక్కు మీద రంగు వేసినవాడికీ తెలియదు.

ఈ రోజుల్లో ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. ఫిల్మును స్కాన్ చేసేటప్పుడు మామూలు వెలుతురుతో పాటు పరారుణ కిరణాన్నీ పంపుతారు. రంగు ఫిల్ములోని రంగులు ఆ కిరణాన్ని అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. అడ్డుపడినచోటల్లా దుమ్మేనని యంత్రం గుర్తుపట్టి, చుట్టుపక్కల ఉన్నదానితో పూడ్చేస్తుంది. చాలా తెలివైన ఉపాయం. అయితే పాత నలుపు తెలుపు ఫిల్ము దగ్గర దాని తెలివి పనిచేయదు. అందులో బొమ్మ కట్టింది వెండి. వెండి కూడా ఆ కిరణాన్ని అడ్డుకుంటుంది. యంత్రానికి వెండీ దుమ్మూ ఒకటే. ఏది మొదటి నుంచీ బొమ్మలో ఉన్నదో, ఏది తర్వాత వచ్చి చేరిందో అది చెప్పలేదు. అక్కడ మళ్లీ ఒక మనిషి భూతద్దం పట్టుకుని కూర్చోవలసిందే.

తెలుగువాళ్లకు, అందులో ఈ ఊళ్లో మిగిలిపోయిన మనలాంటివాళ్లకు, ఈ సంగతి ఇంకాస్త దగ్గరిది. తెలుగు సినిమాలు చాలాకాలం కడిగి ఆరింది ఈ ఊళ్లోనే. విజయా, జెమిని, ఏవీయం ల్యాబులు, 1976లో ఎల్.వి. ప్రసాద్ గారు నెలకొల్పిన ప్రసాద్ ల్యాబ్, వీటిలో వడగట్టిన గాలితో ఫిల్ము ఆరబెట్టే యంత్రాలుండేవి. నెగటివ్ ముట్టుకునేవాళ్లు తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకునేవారు. అంత జాగ్రత్తలోంచి వచ్చిన ‘మాయాబజార్’ (1957) నెగటివ్ మీద మార్కస్ బార్‌ట్లీ పట్టిన వెన్నెల వెండికణాల వెన్నెల. 2010 జనవరిలో హైదరాబాదు కంపెనీ ఒకటి దానికి రంగులద్ది విడుదల చేసింది. గీతలూ దుమ్మూ తీసి శుభ్రం చేసినందుకు వాళ్లకు దండం పెడతాను. రంగుల గురించి మాత్రం నా సందేహం నాది. సావిత్రి చీర ఆ రోజు సెట్టులో ఏ రంగుదో నెగటివ్ చెప్పలేదు. చెప్పనిదాన్ని చెప్పినట్టు చూపించారు. చూసినవాళ్లు ఆనందించారు, నేనూ ఆనందించాను. నలుపు తెలుపు ప్రతి కూడా మిగిలి ఉంది కనుక ఆ ఆనందంలో భయం లేదు. అది మిగలకపోతే ఇంకో ముప్పై ఏళ్లకు ఆ చీర రంగు చరిత్ర అయ్యేది.

అసలేమీ మిగలనివీ ఉన్నాయి. రఘుపతి వెంకయ్య గారి సంస్థ ఇక్కడే తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) లేదు. ‘భక్త ప్రహ్లాద’ (1932) లేదు. అక్కడ ఉన్నది నలుసంత తెల్లచుక్క కాదు, మొత్తం తెల్లకాగితం. కాగితం ఎంత తెల్లగా ఉంటే పూడ్చాలన్న కోరిక అంత ఎక్కువ. మద్రాసు గురించి మనం సభల్లో చెప్పుకునే మాటలు గమనించండి. ఫలానా వీధంతా మనవాళ్లే, ఫలానా కట్టడం మనదే అంటాం. వాటిలో నిజాలు చాలా ఉన్నాయి. 1953లో మద్రాసు లేకుండా ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ మిగిలిన ఖాళీలో మనం అభిమానంతో అద్దిన రంగులూ కొన్ని ఉన్నాయి. ఏది వెండో, ఏది రంగో మన పిల్లలకు చెప్పకపోతే ఎవరైనా తమిళ మిత్రుడు ఒక రంగుచుక్కను గోటితో గీకి చూపించిన రోజున వాళ్లు వెండిని కూడా నమ్మరు. తక్కువమందిగా ఉన్నచోట మనకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

దుమ్మును వెనకేసుకొచ్చేవాళ్లూ లేకపోలేదు. ఆ రోజు ఆ ఇంట్లో గాలి ఎలా ఉందో నలుసు చెబుతుంది, అదీ సాక్ష్యమే, ఉండనివ్వమంటారు. ఈ వాదం నాకు సగం నచ్చుతుంది. నెగటివ్ మీద ఉండనివ్వమంటే ఒప్పుకుంటాను. ముఖం మీద కూడా ఉండనివ్వమంటే, చూసేవాడు ముఖాన్ని మానేసి చుక్కను చూస్తాడు, అదీ ముఖానికి అన్యాయమే. ఈ మధ్య ఇంకో వింత వచ్చింది. సెల్‌ఫోన్లో తీసిన బొమ్మ మీద పాతదనం కోసమని దుమ్మూ గీతలూ చల్లే ఏర్పాట్లున్నాయి. ఏ గదిలోనూ ఏ గాలీ మోయని దుమ్ము అది. పూడ్చినవాడైనా బొమ్మ మీద ప్రేమతో పూడ్చాడు. వీళ్లకు ఏం వంకో నాకు బోధపడదు.

పూడ్చక తప్పనప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఎక్కడ పూడ్చామో ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాసిపెట్టడం. పుస్తక పరిష్కర్తలు శిథిలమైన తాళపత్రంలో తాము ఊహించిన అక్షరాన్ని కుండలీకరణాల్లో పెడతారే, అలాంటిదే. ముందువైపు బొమ్మ అందం చెడదు, వెనక్కి తిప్పినవాడికి నిజం దొరుకుతుంది. నెగటివ్‌ను మాత్రం కుంచెతో తాకకూడదు.

కొన్నాళ్లకు బాబాయే అడిగారు, పెద్దమ్మ ఫోటో మళ్లీ ఒకటి వేసిపెట్టమని. నెగటివ్‌ను మళ్లీ నానబెట్టి, కడిగి, రాత్రంతా స్నానాలగదిలో వేలాడదీశాను. కొన్ని నలుసులు వదిలాయి, కొన్ని వదల్లేదు. ఫోటో వేసి వెనక ఇలా రాశాను: “ఎడమ భుజం మీద రెండు, చీర అంచున ఒకటి, గోడ మీద నాలుగు చుక్కలు పూడ్చాను. ముక్కు మీదిది పూడ్చలేదు.” ఆయన కళ్లజోడు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివారు. ఫ్రేము కట్టించి పాత ఫోటో పక్కనే తగిలించారు. పాతదాన్ని తీసెయ్యలేదు. నా రాత గోడవైపు ఉంది. ఇద్దరు పెద్దమ్మలెందుకని ఎవరైనా అడిగితే, “ఇందులో రాయుంది, అందులో లేదు” అని ఊరుకుంటున్నారట.